ఎవరి గుట్టు? ఎవరి హక్కు?

పిఠాపురం దగ్గర్లో ఒక ఊరు. పేరెందుకులెండి, అన్ని ఊళ్ళ కథా ఒకటే. అక్కడి మిత్రుడొకడు మొన్న మధ్యాహ్నం ఒక కవరు పట్టుకుని మా దగ్గరకొచ్చాడు. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళ స్థలాలు ఎవరెవరికి ఇచ్చారు, ఏ సర్వే నెంబర్లో ఇచ్చారు, ఏ అర్హత మీద ఇచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. ఇరవై తొమ్మిదో రోజున జవాబొచ్చింది. జవాబు మొత్తం ఒకటిన్నర లైన్లు. "మీరు కోరినది వ్యక్తిగత సమాచారము. సెక్షన్ 8(1)(జె) ప్రకారము ఇవ్వ వీలుపడదు." కింద సంతకం, సంతకం కింద గుండ్రటి ముద్ర.

"ఇదేంటండీ బాబూ, సర్కారు స్థలం, సర్కారు జాబితా, మధ్యలో వ్యక్తిగతం ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు మిత్రుడు. ఒకప్పుడు ఇలాంటి జాబితాలు పంచాయతీ గోడకి అంటించేవాళ్ళు. గోడ మీద పేర్లుంటే ఊరంతా చదివేది. రెండంతస్తుల మేడ ఉన్నాయన పేరు కనబడితే అక్కడే తగువయ్యేది. ఇప్పుడు గోడ ఖాళీగా ఉంది. జాబితా బీరువాలో ఉంది. బీరువాకి వేసిన తాళం పేరు 'గోప్యత'.

ఈ ఒకటిన్నర లైన్ల వెనక చాలా కథ ఉంది. ఆ కథ మధ్యలో ఒక తెలుగు మనిషి ఉన్నాడు. గోదావరి డెల్టాలో కూర్చుని వరంగల్ మనిషి గురించి రాయడమేమిటని కొందరు అడుగుతారని తెలుసు. మిత్రుడి చేతిలోని కవరే అందుకు జవాబు.

ఆ మనిషి మాడభూషి శ్రీధర్ ఆచార్యులు. 2013 నవంబరు నుంచి 2018 నవంబరు దాకా కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేశారు. తండ్రి ఎం.ఎస్. ఆచార్య వరంగల్లో 'జనధర్మ' వారపత్రికను, 'వరంగల్ వాణి' దినపత్రికను నడిపిన సంపాదకుడు. చిన్న పత్రిక నడపడమంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. కాగితం అప్పు, ప్రెస్సు అప్పు, ప్రకటనలిచ్చేవాడి అలక, పోలీసువాడి పలకరింపు, వీటన్నిటి మధ్య వారం తిరిగేసరికి పత్రిక బయటికి రావాలి. అలాంటి ఇంట్లో పెరిగి, విలేకరిగా పనిచేసి, న్యాయశాస్త్రం చదివి, హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి ఢిల్లీ వెళ్ళి సమాచార కమిషనర్ కుర్చీలో కూర్చున్నారు.

ఆ కుర్చీలో మామూలుగా ఎవరు కూర్చుంటారో తెలిసిందే. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళ మీద 'రహస్యం' అని ముద్ర వేసి రిటైరైన ఐఏఎస్ పెద్దలు. జీవితమంతా తలుపులు మూసినవాణ్ణి తెచ్చి తలుపులు తీసే ఉద్యోగం ఇస్తారు! చట్టంలో మాత్రం న్యాయం, సైన్సు, సామాజిక సేవ, పత్రికారంగం, పాలన లాంటి రంగాల్లో అనుభవమున్న ప్రముఖులను నియమించాలని రాసి ఉంది. ఆ జాబితాలో పాలన కూడా ఉంది కదా అని పాలకులు దాన్నొక్కదాన్నే చదువుకున్నారు.

ఈ కమిషనర్ ఏం చేశారు? అన్నీ చెప్పుకునే చోటు లేదు. కొన్ని చెబుతాం.

పింఛను ఆగిపోయిన ముసలివాళ్ళ దరఖాస్తుల సంగతి చూడండి. చట్టం ప్రకారం మామూలు దరఖాస్తుకు 30 రోజుల గడువు. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు. ప్రాణం అనగానే పోలీస్ లాకప్పు ఒక్కటే గుర్తొచ్చేది అధికారులకు. నెలనెలా వచ్చే పింఛను ఆగితే మందులు ఆగుతాయి, మందులు ఆగితే మనిషి ఆగుతాడు, కాబట్టి అది కూడా ప్రాణానికి సంబంధించిన సమాచారమేనని ఆయన అన్నారు. ఈ మాట చెప్పడానికి పెద్ద న్యాయపాండిత్యం అక్కర్లేదు. కానీ పింఛనుదారుణ్ణి నెలల తరబడి తిప్పే ఆఫీసుల్లో ఈ మాట ఎవరూ చెప్పలేదు.

2016లో ఇంకో మాటన్నారు. మంత్రి కూడా సమాచార హక్కు చట్టం కింద జవాబుదారీయేనని, ప్రజలు మంత్రి కార్యాలయాన్నీ సమాచారం అడగొచ్చని ఉత్తర్వు ఇచ్చారు. అంతటితో ఆగక, మంత్రులు పదవి చేపట్టేటప్పుడు చేసే రహస్య ప్రమాణం బదులు పారదర్శకత ప్రమాణం చేయించాలని సిఫారసు చేశారు. ఎవరు వింటారు? రాజ్యాంగ ప్రమాణపు పాఠాన్ని మార్చమని కమిషనర్ సిఫారసు చేస్తే మంత్రులు మారుస్తారా? ఆ సంగతి ఆయనకీ తెలుసనుకుంటాం. అయినా కాగితం మీద పడింది. కాగితం మీద పడ్డ మాటకు విలువ ఉంటుందని ఉద్యమాల్లో తిరిగినవాళ్ళకు తెలుసు.

2018 అక్టోబరులో క్రికెట్ బోర్డు కూడా ఈ చట్టం కిందకు వస్తుందన్నారు. ఆ మరుసటి నెల, పదవీకాలం ముగిసే ముందు, రిజర్వు బ్యాంకు గవర్నర్‌కే షోకాజ్ నోటీసు పంపారు. ఉద్దేశపూర్వకంగా అప్పులు ఎగ్గొట్టిన పెద్దల పేర్లు బయటపెట్టాలన్న వివాదమది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకుకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అయినా పేర్లు బయటికి రాలేదు. సుప్రీంకోర్టు మాటను గౌరవించనందుకు గరిష్ఠ జరిమానా ఎందుకు వేయకూడదో చెప్పమన్నారు. గరిష్ఠ జరిమానా ఎంతంటారా? రోజుకి రూ.250 చొప్పున, మొత్తం రూ.25,000 మించదు. మా వైపు కౌలు రైతు సొసైటీలో పాతికవేలు బాకీ పడితే అతని పేరు నలుగురికీ తెలుస్తుంది. వేల కోట్లు ఎగ్గొట్టినవాడి పేరు మాత్రం దేశ ఆర్థిక రహస్యం.

ఇక అసలు సంగతికొద్దాం. ఆయన పేరు దేశమంతా మోగిందీ, ఆయన చేతిలో పని ఊడిందీ ఒక డిగ్రీ పుస్తకం దగ్గర.

ప్రధాని నరేంద్ర మోడీ ఎన్నికల అఫిడవిట్‌లో 1978లో ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి బీఏ పాసైనట్టు ఉంది. ఒక పౌరుడు ఆ ఏడు బీఏ పరీక్ష రాసినవారందరి వివరాలు అడిగాడు. రోల్ నెంబర్లు, పేర్లు, తండ్రి పేర్లు, మార్కులు, ఫలితాలు. విశ్వవిద్యాలయం ఇవ్వనంది. అది విద్యార్థుల వ్యక్తిగత సమాచారమంది. 2016 డిసెంబరులో శ్రీధర్ ఆచార్యులు ఆ వాదనను కొట్టేశారు. డిగ్రీ ఇచ్చేది ప్రజాధనంతో నడిచే సంస్థ, ఇచ్చిన డిగ్రీల రిజిస్టరు ప్రజాపత్రం, దాన్ని చూడనివ్వమన్నారు. నలుగురిలో స్నాతకోత్సవం జరిపి, గౌను తొడిగి, టోపీ పెట్టి ఇచ్చిన పట్టా రహస్యమెలా అవుతుంది? మా ఊళ్ళో అబ్బాయి డిగ్రీ పాసైతే తల్లి వీధంతా స్వీట్లు పంచుతుంది. దాచుకునే డిగ్రీ సంగతి ఇక్కడెవరికీ తెలియదు.

ఇదే విశ్వవిద్యాలయం మీద ఇంకో కేసు విచారణకొచ్చింది. దరఖాస్తుదారు పంపిన పది రూపాయల పోస్టల్ ఆర్డర్ మీద ఎవరి పేరు ఉండాలో ఆ పేరు లేదట. ఆ వంకతో దరఖాస్తు తిప్పికొట్టారు. దానికి సమాచార అధికారికి ఆయన రూ.25,000 జరిమానా వేశారు. పది రూపాయల కాగితానికి పాతికవేలు! ఈ లెక్క విని నవ్వుకున్నవాళ్ళున్నారు. కానీ పోస్టాఫీసు క్యూలో నిలబడి పోస్టల్ ఆర్డర్ కొన్నవాడికి ఆ పదిరూపాయల విలువెంతో తెలుసు. మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన నిబంధన ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు. అది తెలియక పది రూపాయలు కట్టినవాళ్ళూ, కట్టించుకున్నవాళ్ళూ ఎందరో.

సరే, ఆ ఉత్తర్వుల తర్వాత ఏం జరిగింది? 2017 జనవరిలో మానవ వనరుల శాఖకు సంబంధించిన కేసుల బాధ్యతను ఆయన నుంచి తీసి ఇంకో కమిషనర్‌కు అప్పగించారు. మామూలు పని పంపిణీయే అని చెప్పుకోవచ్చు. కమిషనర్లకు శాఖలు కేటాయించే అధికారం ప్రధాన కమిషనర్‌కు ఉంది, కాదనం. ఆ మార్పు సరిగ్గా ఆ వారాల్లోనే ఎందుకొచ్చిందో పాఠకులే ఊహించుకోండి. అదే నెల ఢిల్లీ హైకోర్టు ఆయన ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. అప్పటి కేంద్రమంత్రి స్మృతి ఇరానీ పది, పన్నెండు తరగతుల రికార్డులు చూడనివ్వాలని అదే జనవరిలో ఇచ్చిన ఉత్తర్వూ కోర్టుకెక్కింది.

ఆ స్టే ఎన్నాళ్ళుంది? ఎనిమిదేళ్ళకు పైగా. 2025 ఆగస్టు 25న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ రెండు ఉత్తర్వులనూ కొట్టేశారు. మార్కులూ, డిగ్రీలూ వ్యక్తిగత సమాచారమేనని, జనానికి ఆసక్తి ఉన్నంత మాత్రాన ప్రజాప్రయోజనం కాదని తీర్పు. ఆసక్తికీ ప్రయోజనానికీ తేడా ఉందన్నమాట నిజమే. పక్కింటివాడి జీతమెంతో తెలుసుకోవాలన్నది ఆసక్తి. కానీ తన చదువిదీ అని ప్రమాణపత్రం మీద రాసి ఓటడిగినవాడి చదువు గురించి ఓటరు అడిగితే అది పక్కింటి ఆసక్తేనా? కోర్టు తీర్పును గౌరవిస్తాం. ఒప్పుకోం.

శ్రీధర్ ఆచార్యులు తప్పే చెయ్యలేదని మేమనం. ఈ డిగ్రీల గొడవ మొదలైనప్పుడు, 2016 ఏప్రిల్లో, ఆయన ఒక పని చేశారు. ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ రాసిన ఉత్తరాన్నే సమాచార హక్కు దరఖాస్తుగా తీసుకుని, ప్రధాని డిగ్రీల వివరాలు ఇవ్వమని ఢిల్లీ, గుజరాత్ విశ్వవిద్యాలయాలకు చెప్పారు. పల్లెటూరి మనిషి దరఖాస్తు పెట్టి, మొదటి అప్పీలు చేసి, రెండో అప్పీలు చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంటే ముఖ్యమంత్రి ఉత్తరం ముక్కకు అంత తొందరెందుకు? పాలకులకు కావలసింది సరిగ్గా ఇలాంటి సందే. 2023 మార్చిలో గుజరాత్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, కేజ్రీవాల్‌కు రూ.25,000 ఖర్చుల కింద వేసింది. ఆయన ఉత్తర్వులు ఒక్కోసారి లా కాలేజీ పాఠాల్లా పేజీలకు పేజీలు సాగుతాయి కూడా. మాష్టారి అలవాటు. అందులో తప్పేమీ లేదు గాని, కింది కోర్టులో వకీలు వెతుక్కునే ఒక్క వాక్యం ఆ పేజీల మధ్య దొరకడం కష్టం.

ఇక్కడ పాఠకుడికి న్యాయమైన సందేహం రావాలి. మనిషికి గోప్యత అక్కర్లేదా? అక్కర. చాలా అక్కర. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. రోడ్డెక్కిన ప్రతివాడికీ ఆ తీర్పు అవసరం తెలుసు. ఫోన్ ఎవరు వింటున్నారో, మన పేరు ఏ పోలీసు రిజిస్టర్లో ఉందో తెలియని రోజులు మేమూ చూశాం. గోప్యత బలహీనుడికి గొడుగు. మా ఫిర్యాదల్లా ఆ గొడుగును బలవంతుడు లాక్కుని పోయాడని.

రుజువు కావాలా? 2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళ నుంచి 13 కోట్లకు పైగా ఆధార్ సంఖ్యలు బయటపడి ఉండొచ్చని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. మరుసటి ఏడు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నెంబర్లూ కులాలూ అందరికీ కనబడేలా ఉన్నాయని బయటపడింది. చెరువు మట్టి తవ్విన కూలీ బ్యాంకు ఖాతా లోకమంతా చూడొచ్చు. అప్పుడెవరికీ 'వ్యక్తిగత సమాచారం' గుర్తురాలేదు. ఏ అధికారికీ పాతికవేలు జరిమానా పడ్డట్టు మేం వినలేదు. పాలకుల డిగ్రీ అడిగితే మాత్రం గోప్యతకు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒక పేరు వస్తుంది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ.

2010 డిసెంబరు 30న శ్రీకృష్ణ కమిటీ రాష్ట్ర విభజన అంశంపై నివేదిక ఇచ్చింది. ఆ నివేదికలో ఎనిమిదో అధ్యాయం లేదు. అంటే ఉంది, జనానికి లేదు. శాంతిభద్రతల అధ్యాయమని చెప్పి సీల్డ్ కవర్లో కేంద్ర హోంశాఖకు ఇచ్చారు. నిజామాబాద్ మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు వెళ్తే, 2011 మార్చి 23న జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఆ కవర్లోని సంగతిని తీర్పులోకి తెచ్చి, దాన్ని బయటపెట్టాలన్నారు. ఉద్యమాన్ని ఎలా అదుపు చెయ్యాలి, పత్రికలను ఎలా మలచుకోవాలి అన్న సూచనలు అందులో ఉన్నాయని అప్పుడు జనానికి తెలిసింది. కేంద్రం అప్పీలుకు పరుగెత్తింది. మేమప్పుడు ఉస్మానియాలో చదువుకుంటున్నాం. గోదావరి యాస విని 'నువ్వు అటా, ఇటా' అని అడిగే హాస్టల్లో ఆ తీర్పు నకలు చేతులు మారి మారి నలిగిపోవడం కళ్ళారా చూశాం. అటైనా ఇటైనా, తమ గురించి రాసిన అధ్యాయాన్ని తమకే చూపకపోతే జనం ఊరుకోరు.

అదే జస్టిస్ శ్రీకృష్ణ అధ్యక్షతన కేంద్రం 2017 జూలైలో డేటా రక్షణ కోసం ఇంకో కమిటీ వేసింది. ఏడాది తిరిగేసరికి ముసాయిదా బిల్లుతో నివేదిక వచ్చింది. అందులో సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)ని మార్చాలన్న ప్రతిపాదన ఉంది. అప్పుడు ఎనిమిదో అధ్యాయం, ఇప్పుడు ఎనిమిదో సెక్షన్! కాకతాళీయమే అనుకోండి. నిజం చెప్పాలంటే ఆ కమిటీ ముసాయిదా వ్యక్తికి జరిగే హానినీ ప్రజాప్రయోజనాన్నీ తూకం వెయ్యమంది, తూకాన్ని పూర్తిగా తీసెయ్యమనలేదు. అయినా కుర్చీలో ఉన్న కమిషనర్ శ్రీధర్ ఆచార్యులు ఆ మార్పును వ్యతిరేకించారు. అదే 2018లో కమిషనర్ల పదవీకాలాన్నీ జీతాన్నీ కేంద్రం తన చేతిలోకి తీసుకునే సవరణ వస్తోందని తెలిసినప్పుడు, దాన్ని ఎదిరించమని తోటి కమిషనర్లకు లేఖ రాశారు. తోటివాళ్ళలో ఎందరు గొంతు విప్పారో చరిత్ర చెబుతూనే ఉంది. 2019 జూలైలో సవరణ పాసైంది. చట్టంలో రాసి ఉన్న అయిదేళ్ళ కాలం పోయింది, ఎన్నికల కమిషనర్లతో సమానమైన హోదా పోయింది. అక్టోబరులో వచ్చిన నిబంధనలతో పదవీకాలం మూడేళ్ళయింది. జీతమిచ్చేవాడి మీద తీర్పు చెప్పమంటే ఎలా చెబుతారు?

ఇంతకీ మిత్రుడి కవరు సంగతి. పాత సెక్షన్ 8(1)(జె) ఏమనేది? వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదు, కానీ దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేకపోతేనే, లేదా అనవసరంగా గోప్యతలోకి చొరబడినట్టయితేనే. అప్పుడు కూడా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాల్సిందే. పైగా, పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేనిదాన్ని మామూలు మనిషికీ నిరాకరించకూడదనే షరతు. ఎమ్మెల్యేకు చెప్పేది ఓటరుకూ చెప్పాలి. ఎంత మంచి మాట! 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సెక్షన్ 44(3) వీటన్నిటినీ ఒక్క కత్తెరతో కత్తిరించింది. ఇప్పుడు మిగిలింది ఒకే ముక్క: వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే ఇవ్వనక్కర్లేదు. 2025 నవంబరులో నిబంధనలతో పాటు ఈ మార్పు అమల్లోకి వచ్చింది. సెక్షన్ 8(2) మిగిలే ఉంది కదా, ప్రజాప్రయోజనం ఎక్కువైతే అధికారి ఇవ్వొచ్చు కదా అంటోంది కేంద్రం. ఉంది. కానీ 'ఇవ్వొచ్చు' అని రాసిన చోట ఏ గుమస్తా ఇస్తాడు? ఇవ్వకపోతే గరిష్ఠంగా పాతికవేలు. అటు కొత్త డేటా చట్టంలో జరిమానాలు రూ.250 కోట్ల దాకా ఉన్నాయి. అవి గుమస్తా జేబులోంచి కట్టేవి కాకపోవచ్చు. కానీ ఆ అంకె విన్న ఏ సెక్షన్ క్లర్కయినా బీరువా తాళం తీస్తాడా?

మన పాఠకుల్లో ఉద్యోగులు చాలామంది. సమాచార అధికారులూ ఉన్నారు. వాళ్ళతో నిష్ఠూరంగానైనా ఒక మాట చెప్పాలి. 'మన సర్వీసు రిజిస్టర్లు, మన మెమోలు, మన ఆస్తుల వివరాలు ఊరివాడెవడో అడగడమేమిటి, కొత్త చట్టం మంచిదే' అన్న మాట యూనియన్ ఆఫీసుల్లో వినబడుతోంది. 2012లో గిరీష్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగి మెమోలు, ఆస్తులు వ్యక్తిగతమేనని చెప్పినప్పుడూ సంతోషించారు. బ్లాక్‌మెయిల్ కోసం దరఖాస్తులు పెట్టేవాళ్ళున్నారు, నిజమే. కానీ గుర్తు తెచ్చుకోండి. 610 జీవో ఎక్కణ్ణించి పుట్టింది? ఏ ఆఫీసులో ఎందరు స్థానికేతరులున్నారో లెక్క కావాలన్న ఉద్యోగుల పోరు నుంచి. 1985 డిసెంబరు 30న జీవో వచ్చింది. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసేనాటికీ ఆ లెక్క తేలలేదు. ఆ లెక్కల్లో మా డెల్టావాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు ఆ లెక్క నచ్చలేదు. అయినా లెక్క లెక్కే. ఇప్పటి సెక్షన్ అప్పుడే ఉండి ఉంటే ఫలానా ఉద్యోగి ఏ జోన్ వాడు, ఏ ఊళ్ళో చదివాడు అన్న ప్రతి ప్రశ్నకూ 'వ్యక్తిగత సమాచారం' అని ఒకటిన్నర లైన్ల జవాబు వచ్చేది. సీనియారిటీ జాబితాలో తప్పు జరిగితే, రోస్టర్‌లో ఎస్సీ, ఎస్టీ పోస్టు ఇంకొకరికి పోతే మీరు అడగాల్సింది కూడా పక్కవాడి వివరమే కదా!

విద్యార్థులకూ అంతే. జవాబుపత్రం చూసే హక్కు 2011లో సుప్రీంకోర్టు ఇచ్చింది. మీ పత్రం మీరు చూసుకోవచ్చు, బాగానే ఉంది. కానీ గ్రూప్ పరీక్షల్లో అక్రమం జరిగిందని అనుమానమొస్తే చూడాల్సింది మీ పత్రమా, ఎంపికైనవాడి పత్రమా?

కూలీల సంగతి అంతకన్నా ఘోరం. అసలీ చట్టం కూలీల నుంచే పుట్టింది. 1990ల్లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మస్టర్ రోళ్ళు చూపించమని అడిగింది. మస్టర్ రోలంటే ఏమిటి? పేర్లు, హాజరు, కూలి. మొత్తం వ్యక్తిగత సమాచారమే! ఆ పేర్లు గట్టిగా చదివితేనే చచ్చిపోయినవాడు మట్టి తవ్విన సంగతి, మద్రాసులో ఉన్నవాడు సంతకం పెట్టిన సంగతి బయటపడేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులపై 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిపినప్పుడు గ్రామసభల్లో చేసిందీ అదే. పేరు పిలవడం, నువ్వు పనికెళ్ళావా అని అడగడం, డబ్బు ముట్టిందా అని అడగడం. మైకులో పేరు వినగానే 'నాకు ముట్టలేదు బాబూ' అని వెనకనుంచి వచ్చే ఒక్క గొంతు చాలు, ఫీల్డ్ అసిస్టెంట్ ముఖం మాడిపోవడానికి. పేర్లు తీసేసిన మస్టర్ రోలుతో ఏ సభ జరుపుతారు? మొత్తాలు మాత్రం చదివి, చప్పట్లు కొట్టించి, టీ ఇచ్చి పంపిస్తారా?

పదవి దిగాక కూడా శ్రీధర్ ఆచార్యులు ఊరుకోలేదు. కమిషన్ ఉత్తర్వుల మీద ప్రభుత్వ సంస్థలే కోర్టుల్లో కేసులు వేసి కమిషనర్లను ప్రతివాదులుగా ఈడుస్తున్నాయని రాష్ట్రపతికి రాశారు. మళ్ళీ పాఠాలు చెప్పుకుంటూ, పత్రికలకు రాసుకుంటూ ఉన్నారు. రిటైరైన కమిషనర్లలో ఇంత మాట్లాడినవాళ్ళు తక్కువ. కుర్చీలో ఉండగా ఇంత మాట్లాడినవాళ్ళు మరీ తక్కువ. మన రెండు రాష్ట్రాల కమిషన్ల సంగతి చెప్పుకుంటే సిగ్గేస్తుంది. విభజన తర్వాత ఏళ్ళ తరబడి ఆంధ్రప్రదేశ్‌కు సొంత కమిషన్ దిక్కులేదు. సమాచారం కోసం, లెక్క కోసం, జీవో నకలు కోసం కొట్లాడి సాధించుకున్న తెలంగాణలో 2023 నుంచి 2025 మే దాకా కమిషన్ కుర్చీలన్నీ ఖాళీ! కుర్చీలో మనిషే లేకపోతే రెండో అప్పీలు ఎవరి బల్ల మీద పెట్టాలి?

మిత్రుడితో కలిసి మొన్న రాత్రి మొదటి అప్పీలు రాశాం. గడువు ముప్పై రోజులే కాబట్టి ఆలస్యం చెయ్యలేదు. ఇలాంటి జవాబు అందుకున్న పాఠకులకు పనికొస్తుందని అందులో ఏం రాశామో చెబుతున్నాం. ఒకటి, సెక్షన్ 8(2) పేరెత్తి, ఈ జాబితా బయటపెడితే ఊరికి ఏ ప్రయోజనమో నాలుగు వాక్యాల్లో చెప్పాం. అధికారి తూకం వెయ్యలేదంటే వెయ్యలేదని రాయాలి, వేశానంటే ఎలా వేశాడో రాయాలి. రెండు, సెక్షన్ 4(1)(బి) కింద రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాల్సిన బాధ్యత ఆఫీసుదేనని గుర్తుచేశాం. ఆ సెక్షన్ ఇంకా చట్టంలో ఉంది. మూడు, ఆధార్ నెంబర్లు, ఫోన్ నెంబర్లు, బ్యాంకు ఖాతాలు మాకొద్దని ముందే రాశాం. అవి కొట్టేసి మిగతాది ఇవ్వమన్నాం. సెక్షన్ 10 అందుకే ఉంది. పేదవాడి గుట్టు పేదవాడికే ఉండనివ్వండి, మాకు కావలసింది మేడ ఉన్నాయనకి స్థలమెలా వచ్చిందన్న సంగతి.

అప్పీలు రిజిస్టర్ పోస్టులో వెళ్ళింది. రసీదు మిత్రుడి జేబులో ఉంది.